మీ ఊరి గ్రంథాలయంలో బొమ్మల ప్రదర్శన పెట్టాలంటే

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా. ఆ వారంలో ఏదో ఒక రోజు ఊళ్లో ఉన్న ఆర్టిస్టునో బుర్రకథ చెప్పే ఆయన్నో పిలిచి, శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, ఫొటో దిగి పంపించేయడం చాలా చోట్ల మామూలే. శాలువా మీద నాకేం కోపం లేదు కానీ అలాంటివి ఆయన ఇంట్లో బీరువా నిండా ఉంటాయి. ఆర్టిస్టుకు కావలసినవి వేరే. బొమ్మలు పెట్టుకోవడానికి ఒక గోడ, వాటిని నిలబడి చూసే జనం, పేరు తప్పుల్లేకుండా రాసిన చీటీ, చేసిన పనికి డబ్బు. వీటిలో మొదటి మూడూ ఏ శాఖా గ్రంథాలయమైనా దాదాపు ఖర్చు లేకుండా ఇవ్వగలదు, నాలుగోది కూడా కాస్త తిరిగితే కుదురుతుంది. పాఠకులు నలుగురు పూనుకుంటే చాలు, లైబ్రేరియన్ ఒక్కరి మీద వదిలేయకండి.

ముందు మనిషిని వెతకండి

పెద్ద పేరున్నవాళ్ల కోసం హైదరాబాద్‌కో విజయవాడకో ఫోన్లు చేయకండి, అసలు ఆ దారే పట్టకండి. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, వినాయక చవితికి విగ్రహాలు చేసే కుటుంబం, ట్యాబ్ మీద బొమ్మలు గీసి ఇన్‌స్టాలో పెట్టే ఇంటర్ పిల్ల, పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తూ ఖాళీ రోజుల్లో చెరువుగట్టు మీద పక్షుల్ని కెమెరాలో పట్టే కుర్రాడు, వీళ్లంతా మీ మండలంలోనే ఉంటారు. సైన్‌బోర్డు ఆర్టిస్టులను మాత్రం మర్చిపోవద్దు. ఫ్లెక్సీ వచ్చాక వాళ్ల చేతిలో పని పోయింది, కానీ బ్రష్ పట్టి ఒక్క ఊపులో 'శ్రీ' రాయగల చెయ్యి ఇంకా అలాగే ఉంది. గ్రంథాలయం బోర్డు వెలిసిపోయి ఉంటే (ఉంటుంది) కొత్త ఫ్లెక్సీ కొట్టించకుండా ఆ బోర్డు పని ఆయనకివ్వండి, కూలి ఇచ్చి రాయించండి, కింద మూలన ఆయన పేరు కూడా రాసుకోమనండి. కళాకారుడికి సాయం అంటే ఇంతకన్నా సూటిగా ఏముంటుంది?

ఎవరు దొరుకుతారో తెలియకపోతే లైబ్రేరియన్‌నే అడగండి. రోజూ పేపర్ చదవడానికి వచ్చేవాళ్లలో ఎవరు ఏం చేస్తారో ఆయనకో ఆమెకో తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

మొదటిసారి ఒక్కరితోనే చేయండి, మహా అయితే ముగ్గురు. పదిహేను మందిని పోగేస్తే ఒక్కొక్కరివి రెండేసి బొమ్మలు వేలాడతాయి, ఎవరి పనీ ఆనదు, పైగా నా బొమ్మ తలుపు వెనక పెట్టారని ఒకరు, తన పేరు చివర వేశారని ఇంకొకరు అలుగుతారు. అదంతా తీర్చలేం.

అనుమతి, అర్జీ, లైబ్రేరియన్‌తో మాట

శాఖా గ్రంథాలయం జిల్లా గ్రంథాలయ సంస్థ కిందికి వస్తుంది. రోజువారీ పనులు లైబ్రేరియన్ చేతిలో ఉంటాయి కానీ గోడకు డ్రిల్లు పెట్టాలన్నా, మామూలు వేళలు దాటాక హాలు తెరిచి ఉంచాలన్నా సంస్థ కార్యదర్శి సరే అనాలి. కాబట్టి నోటిమాటతో సరిపెట్టకుండా ఒక పేజీ అర్జీ రాసివ్వండి. ఎవరి బొమ్మలు, ఎన్ని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ గోడ, బొమ్మలకు ఏమైనా అయితే బాధ్యత ఎవరిది, గోడ పాడైతే ఎవరు బాగు చేయిస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఆఖరి రెండూ రాస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే వాళ్ల టెన్షన్ అంతా అక్కడే. వారోత్సవాల్లో పెట్టాలనుకుంటే సెప్టెంబర్‌లోనే ఇవ్వండి, నవంబర్ మొదటి వారంలో వెళ్తే అప్పటికే ఏ రోజు ఏం జరగాలో కార్యక్రమం అచ్చయి ఉంటుంది.

మనం ఏదో దయ కోరుతున్నట్టు మాట్లాడక్కర్లేదు కూడా. మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి, అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది, ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే ఆ డబ్బు ఈ శాఖల కోసమే. ఈ వారోత్సవాలకు నవంబర్ 14నే ఎందుకు ఎంచుకున్నారో కూడా అర్జీలో ఒక వాక్యం రాయొచ్చు. 1919లో అదే రోజున మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది, దాన్ని నడిపించింది గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య లాంటి మనవాళ్లే. ఆఫీసు కాగితాల మధ్య ఇలాంటి వాక్యం ఒకటి ఉంటే చదివేవాళ్లు కాస్త ఆగుతారు.

లైబ్రేరియన్ వైపు నుంచీ ఆలోచించండి. చాలా శాఖల్లో ఒకే ఒక్క మనిషి తాళం తీసి, ఊడ్పించి, పేపర్లు పరిచి, పుస్తకాలిచ్చి, మళ్లీ తాళం వేసుకోవాలి. దానికి తోడు పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, అక్కడ కుర్చీ దొరకడమే గొప్ప. చిన్న ఊళ్లలోనూ ఇప్పుడు గ్రూప్స్, డీఎస్సీ పుస్తకాలు పట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్లు ఉన్నారు. వాళ్ల తల దగ్గర రిబ్బన్ కటింగ్, మైకు పెడితే వాళ్లు తిట్టుకుంటారు, తిట్టుకోవడం న్యాయమే. అందుకని బొమ్మలకు పేపర్లు చదివే హాలు గోడ గానీ వరండా గానీ తీసుకోండి, చదువుకునే గది జోలికి వెళ్లొద్దు. మైకు అసలే వద్దు.

గోడ పని

ప్రదర్శన చెడేది సాధారణంగా ఇక్కడే. డబుల్ టేపు పెట్టి గోడకు అంటిస్తారు, రెండో రోజుకు ఊడి పడుతుంది, పడేటప్పుడు సున్నంతో పాటు కాగితం మూల కూడా చినుగుతుంది. అసలు బొమ్మకు టేపు తగలకూడదు, అంతే.

మంచి పద్ధతి చవకైనదే. వడ్రంగితో ఇంచున్నర వెడల్పు చెక్క పట్టీ కోయించి, హాలు గోడ పొడవునా ఏడడుగుల ఎత్తున బిగించండి. డ్రిల్లు పెట్టి, గిట్టీలు దించి, స్క్రూలు వేయాలి, మేకులు వద్దు. ఆ పట్టీకి అడుగుకొక కొక్కెం. కొక్కేల నుంచి నైలాన్ దారంతో ఫ్రేములు దించుకుంటే ఇక ఎప్పటికీ గోడకు కొత్త చిల్లు పెట్టే పని ఉండదు, ఈ నెల బొమ్మలు దించి వచ్చే నెల వేరేవాళ్లవి వేలాడదీయొచ్చు. నన్నడిగితే సన్మాన సభ ఖర్చు అంతా ఈ పట్టీ మీద పెట్టమంటాను. ఒక్కో ఫ్రేముకు రెండు దారాలు వేయండి, ఒక్క దారంతో కడితే ఫ్యాను గాలికి వంకర తిరుగుతుంది.

ఎత్తు విషయం. మ్యూజియంలలో బొమ్మ నడిమి భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల మధ్య ఉండేలా చూస్తారు, నిలబడ్డ మనిషి కంటికి అది సరిపోతుంది. కానీ గ్రంథాలయంలో సగం మంది కూర్చుని ఉంటారు, పిల్లలొస్తారు, అందుకే ఓ పది అంగుళాలు దించడం నయం. మన ఇళ్లల్లో పెద్దవాళ్ల ఫొటోలు తలుపు గుమ్మం పైన కట్టే అలవాటు చొప్పున ఇక్కడా పైకి పెట్టేస్తారు, పెట్టనివ్వకండి.

నవంబర్ అంటే కోస్తాలో, ముఖ్యంగా నెల్లూరు, ప్రకాశం వైపు, వానలూ తుపానులూ ఉండే నెల. బయటి గోడలు చెమ్మ పడతాయి, కాగితం మీద వేసిన వాటర్‌కలర్ బొమ్మ రెండు రోజుల్లో అప్పడంలా ఉబ్బుతుంది. ముందు రోజు గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి, చల్లగా తడిగా ఉంటే ఆ గోడ వదిలేయండి. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న బెండు ముక్కలు అంటిస్తే గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడుతుంది. కిటికీ ఎదురుగా నేరుగా ఎండ పడే చోటు కూడా వద్దు, రంగులు వెలుస్తాయి.

ఇక చీటీ. బొమ్మ పేరు, వేసినవాళ్ల పేరు, ఊరు, దేనితో వేశారు, ఏ సంవత్సరం, అన్నీ తెలుగులో, దూరం నుంచి కనపడే అక్షరాల్లో రాయండి. దాని కింద ఆ ఆర్టిస్టు సొంత మాటల్లో రెండు వాక్యాలు. "మా అమ్మమ్మ ఇంటి పెరడు, ఇప్పుడు అక్కడ అపార్టుమెంటు ఉంది" లాంటిది చాలు. కళావిమర్శ భాష రాయించకండి, ఎవరూ చదవరు. అచ్చుకిచ్చే ముందు పేరు ఆయనకు చూపించి సరే అనిపించుకోండి.

బొమ్మ పక్కన పుస్తకం

గ్యాలరీలో దొరకనిదీ గ్రంథాలయంలోనే దొరికేదీ ఇదే. ప్రతి గోడ కింద ఒక బల్ల వేసి, ఆ బొమ్మలతో ఏదో ఒక లంకె ఉన్న పుస్తకాలు అక్కడ పరచండి. గోదావరి బొమ్మలుంటే గోదావరి మీద వచ్చిన కథలు, యాత్రలు, పాత పటాలు. పక్షుల ఫొటోలుంటే పక్షుల పుస్తకాలు. పుస్తకం పట్టుకున్నవాడు తలెత్తి బొమ్మ చూస్తాడు, బొమ్మ చూడ్డానికి వచ్చినవాడు సభ్యత్వం కార్డు అడుగుతాడు. లైబ్రేరియన్‌కు మీరు చెప్పగల మంచి కారణం కూడా ఇదే, సందర్శకుల రిజిస్టర్‌లో సంతకాలు పెరుగుతాయి.

మన చిత్రకారుల గురించి చెప్పడానికి ఇదే అదను. రాజమండ్రి వాళ్లయితే దామెర్ల రామారావుతో మొదలుపెట్టొచ్చు. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన మనిషి, ఆయన పేరున ఊళ్లోనే ఆర్ట్ గ్యాలరీ ఉంది. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దగ్గరే ఆయనా అడివి బాపిరాజూ బొమ్మల రుచి నేర్చుకున్నారు. సిద్దిపేట వాళ్లకు కాపు రాజయ్య ఉన్నారు. ఉత్తరాంధ్ర వాళ్లకు చందమామ, యువ ముఖచిత్రాల వడ్డాది పాపయ్య, అదే మన వపా. పాత పత్రికలు మీ శాఖలో లేకపోతే దగ్గర్లోని పెద్ద గ్రంథాలయాన్ని అడగండి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి, పరిశోధకులు అక్కడికి వెతుక్కుంటూ వెళ్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత పత్రికను అలాగే బల్ల మీద పెట్టి చూపించడం వేరు, దాని ముఖచిత్రాన్ని స్కాన్ చేసి ఆరడుగుల ఫ్లెక్సీ కొట్టించడం వేరు. రెండోది కాపీ చేయడం కిందికి వస్తుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు బతికినంత కాలమూ, చనిపోయిన ఏడాది దాటాక ఇంకో 60 ఏళ్లూ హక్కులుంటాయి. దామెర్ల బొమ్మలకు ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. బాపు 2014లో పోయారు, ఆయన బొమ్మలకు 2074 ఆఖరు దాకా ఉంటుంది, కాబట్టి ఆహ్వానపత్రం మీద బాపు బొమ్మ వేసేసుకోవడం కుదరదు, ఎంత అందరూ వేసుకుంటున్నా సరే. ఇంకోటి, ఎవరైనా డబ్బిచ్చి బొమ్మ కొనుక్కున్నంత మాత్రాన దాన్ని అచ్చు వేసుకునే హక్కు వాళ్లకు రాదు. మీ ఊరి ఆర్టిస్టు బొమ్మను పోస్టరు మీద వాడినా ముందు ఆయన్ను అడిగి, కాగితం మీద ఒక ముక్క రాయించుకోండి.

బొమ్మల ఫైలు అనే ఇంకో పని ఉంది, నాకు బాగా నచ్చినది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో 1915లో బొమ్మల విభాగం ఒకటి మొదలైంది. పత్రికల్లోంచి, పాడైన పుస్తకాల్లోంచి కత్తిరించిన బొమ్మలను విషయాల వారీగా ఫైళ్లలో పెట్టి, పుస్తకాల్లాగే కార్డు మీద ఇంటికిస్తారు. నాటకాలకు బట్టలు కుట్టేవాళ్లు, ప్రకటనలు గీసేవాళ్లు, పెద్ద పెద్ద చిత్రకారులు కూడా అక్కడ వెతుక్కున్నవాళ్లే. మన శాఖల్లో చిత్తుకాగితాల కింద అమ్మేసే వారపత్రికలు ఎన్ని! వాటిలోంచి ఎద్దులబండ్లు, పెళ్లి పందిళ్లు, చీర అంచులు, గుడి గోపురాలు, రకరకాల తలపాగాలు, ఇలా శీర్షికలు పెట్టుకుని పిల్లలతో కత్తిరించి అంటించి పెట్టిస్తే డ్రాయింగ్ నేర్చుకునేవాళ్లకు అది గూగుల్‌లో దొరకని సరుకు. కత్తెర పెట్టే ముందు ఆ సంచిక తొలగించే జాబితాలో ఉందో లేదో లైబ్రేరియన్‌ను అడగాలి, బైండు చేసిన సంపుటాల జోలికి అస్సలు వెళ్లకూడదు.

పని చేసి చూపించే రోజు

వారోత్సవాల్లో పిల్లలకు చిత్రలేఖనం పోటీ ఎలాగూ పెడతారు. పోటీ కన్నా ఆర్టిస్టు పక్కన కూర్చుని రెండు గంటలు పని చేయడం పిల్లలకు ఎక్కువ ఇస్తుందని నా అభిప్రాయం. వారోత్సవాలు తప్పిపోతే ఎండాకాలం సెలవుల శిబిరాలున్నాయి, అప్పుడు పిల్లలకు తీరికా ఉంటుంది.

ఏ కళ అయినా దాని పని తీరు ముందే తెలుసుకుని గంటలు లెక్కేసుకోండి. చేర్యాల మాస్కులు చింతగింజల అంబలి, రంపంపొట్టు కలిపి చేస్తారు, ఎండడానికే చాలా టైము పడుతుంది, కాబట్టి మాస్కు మొదటి నుంచీ చేయిస్తామని ప్రకటించకండి, ఎండిన అచ్చులు ఆయన్నే తెమ్మని పిల్లల చేత రంగులు వేయించండి. శ్రీకాళహస్తి కలంకారీ అయితే కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ ముక్కలు ముందే సిద్ధంగా ఉండాలి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో కొన్ని వారాలు ఊరబెట్టి తీసిన కసిం అనే రంగునీళ్లు మామూలు గుడ్డ మీద పెద్దగా కనపడదు, కరక్కాయ పట్టిన గుడ్డ మీద మాత్రం కలం తాకగానే నల్లబడుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు కెమిస్ట్రీ అక్కడే చెప్పేయొచ్చు. వాసన మాత్రం గట్టిగా వస్తుంది, వరండాలో పెట్టుకోండి. తోలుబొమ్మలాట పెట్టాలంటే చీకటి కావాలి, తెల్ల గుడ్డ, వెనక దీపం కావాలి, అంటే సాయంత్రం వేళ దాటాక హాలు తెరిచి ఉంచాలి, అది మీ అర్జీలో ముందే రాసి ఉండాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి వచ్చే తోలుబొమ్మలు మేకతోలువి, వాటిని ఎండ పడే కిటికీకి ఆనించి అలంకారంగా పెట్టొద్దు.

డబ్బు మాట

పిలిచే రోజే ఎంతిస్తారో చెప్పండి. "మీకు తెలియందేముంది, మన ఊరి కార్యక్రమం" అనేసి తర్వాత కవర్‌లో ఎంతో కొంత పెట్టడం మర్యాదగా కనిపిస్తుంది కానీ అది మర్యాద కాదు. రోజు పనికి ఇంత, సామాన్లకు ఇంత, బస్సు చార్జీ ఇంత అని మూడు అంకెలు పిలుపు లేఖలోనే ఉండాలి. శాఖ దగ్గర పెద్దగా సొమ్ము ఉండదు, అందుకని ఊళ్లో షాపుల వాళ్లను, ఊరి బళ్లో చదివి బయట స్థిరపడ్డవాళ్లను అడగండి. అడిగేటప్పుడు "శాలువాలు, దండలు, మెమెంటోలు మానేశాం, ఆ డబ్బు ఆర్టిస్టుకే ఇస్తున్నాం" అని చెప్తే ఇచ్చేవాళ్లు ఉంటారు.

అమ్మకాలు గ్రంథాలయం బల్ల దగ్గర జరగకూడదు, అది ప్రభుత్వ స్థలం, లైబ్రేరియన్ చేతిలో ఎవరి డబ్బూ పడకూడదు. బొమ్మల ధరల పట్టీ ఆర్టిస్టు దగ్గరే ఉంచి, ఆయన ఒప్పుకుంటే ఫోన్ నెంబరు మాత్రం చీటీ మీద వేయండి, కొనేవాళ్లు నేరుగా మాట్లాడుకుంటారు.

బొమ్మలు తెచ్చుకున్న రోజు రసీదు తప్పనిసరి. రెండు ప్రతులు, ఒక్కో బొమ్మకూ పేరు, సైజు, అప్పటికే ఉన్న గీతలు, మరకలు, ధర. ప్రతి బొమ్మకూ ముందూ వెనకా సెల్‌లో ఫొటో. తిరిగిచ్చేటప్పుడు అదే కాగితం మీద సంతకం. తెలిసినవాళ్లే కదా అని ఇది వదిలేస్తారు, గొడవలొచ్చేది తెలిసినవాళ్ల మధ్యనే.

అమెరికాలో ఉండే మనవాళ్లకు

అక్కడి ఊరి లైబ్రరీల్లో ఈ పని ఇంకా తేలిక, చాలా వాటికి గోడలూ అద్దాల బీరువాలూ ప్రదర్శనలకని విడిగా ఉంటాయి. వెబ్‌సైట్‌లో నిబంధనలు, దరఖాస్తు ఫారం ఉంటాయి, నెలల ముందే బుక్ అయిపోతాయి. దసరా రోజుల్లో కొండపల్లి బొమ్మల కొలువు పెట్టాలనుకుంటే వేసవికి ముందే అడగండి. దేవుడి బొమ్మలున్నాయని జంకక్కర్లేదు, బొమ్మలు చేసే చెక్క పేరు తెల్ల పొణికి అని, అది ఎక్కడ దొరుకుతుందో, ఎలా చెక్కుతారో రాసి పెడితే అది చేతిపనుల ప్రదర్శనే. బొమ్మలకు ఏమైనా అయితే తమకు సంబంధం లేదని చాలా లైబ్రరీలు రాయించుకుంటాయి, అది చదివి సంతకం పెట్టండి.

వారం అయ్యాక

బొమ్మలు దించేశాక అన్నీ మాయమైపోతే వచ్చే ఏడాది మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి. అవే బొమ్మలను పక్క మండలం శాఖకు పంపండి. 1935లో కొల్లూరు వైపు పడవలో పుస్తకాలు పెట్టుకుని కాలువ వెంట ఊరూరా తిప్పిన చరిత్ర మనది, పది ఫ్రేములు ఆటోలో పంపడం ఏమంత పని! దుప్పట్లు చుట్టి, నిలువుగా నిలబెట్టి పంపాలి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే అద్దాలు పగులుతాయి. రసీదు కూడా వాటి వెంటే వెళ్లాలి.

శాఖలో మాత్రం స్థానిక కళాకారుల ఫైలు ఒకటి ఉండిపోవాలి, మామూలు అట్ట ఫైలు చాలు. ఒక్కొక్కరికి రెండు పేజీలు. పేరు, ఊరు, ఏం చేస్తారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మూడు నాలుగు బొమ్మల ఫొటోలు, పేపర్లో వచ్చిన కత్తిరింపు ఉంటే అదీ. పెద్దవాళ్లయితే వాళ్లతో అరగంట మాట్లాడి సెల్‌లో రికార్డు చేసి, రాసి పెట్టండి. బడి పిల్లలు ప్రాజెక్టుకని వచ్చినా, పక్క ఊరి బళ్లో డ్రాయింగ్ నేర్పేవాళ్లు కావాలన్నా, ఎవరైనా గోడమీద బొమ్మ వేయించుకోవాలన్నా లైబ్రేరియన్ ఆ ఫైలు తీసి చూపించగలగాలి. ఫోన్ నెంబర్లు ఆర్టిస్టు ఒప్పుకుంటేనే రాయండి, ఏడాదికోసారి సరిచూసుకోండి. ఫైలు మొదటి పేజీలో పన్నెండు నెలలకు గడులు గీసి, ఏ నెల గోడ ఎవరిదో పెన్సిల్‌తో రాస్తూ పోండి, మార్పులు తప్పవు కాబట్టి పెన్నుతో వద్దు.